అల్-అహ్సా పరుగు: చందా పుస్తకం లేని సేవ

మన తెలుగు సంఘాలు ఎక్కడ ఐదు కిలోమీటర్ల నడకో పరుగో పెట్టినా, మర్నాడు అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎంత వసూలైంది?" అని. అందులో తప్పేమీ లేదు. సేవ కోసం పరుగెత్తే ఆనవాయితీకి ప్రపంచమంతటా పేరు తెచ్చినవారిలో ఒకడైన టెర్రీ ఫాక్స్ కూడా డబ్బు లెక్కతోనే బయల్దేరాడు. కేన్సర్ వల్ల కుడికాలు పోగొట్టుకున్న ఆ కెనడా కుర్రవాడు, కృత్రిమ కాలితో 1980 ఏప్రిల్ 12న దేశం తూర్పు కొస నుంచి పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. దేశంలో మనిషికొక డాలరు చొప్పున రావాలన్నది అతని కోరిక. 1981 ఫిబ్రవరికల్లా అది తీరింది. జూన్‌లో అతను కన్నుమూశాడు. సెప్టెంబరులో అతని పేరిట మొదటి పరుగు జరిగింది.

సౌదీ అరేబియాలో ఇలాంటి పరుగుల కథ వేరు. ఇక్కడ అనుమతి ఉన్న సంస్థలే ప్రజల నుంచి విరాళాలు తీసుకోవాలి. మనబోటి ప్రవాసులు సొంతంగా చందా పుస్తకం పట్టుకుని తిరగడం చట్టరీత్యా నేరం. దానగుణం లేక కాదు. జకాత్ ముస్లింలకు మతవిధి. 2021లో ప్రభుత్వమే 'ఎహ్సాన్' అనే విరాళాల వేదికను తెరిచింది. డబ్బు ఎటు పోతుందో తెలియాలన్నదే ఈ జాగ్రత్తకు మూలం. అందుకే ఇక్కడి భారతీయులు ఎక్కువగా రక్తదానం వైపు మొగ్గుతారు. నడకలూ పరుగులూ ఆరోగ్య ప్రచారానికే పరిమితం.

డబ్బు ప్రశ్న పక్కకు పోతే మిగిలేది మరో ప్రశ్న: రోడ్డు మీదికి ఎవరు రావచ్చు?

2012 లండన్ ఒలింపిక్స్‌లో సారా అత్తర్ 800 మీటర్ల పరుగులో అందరికన్నా చివర వచ్చింది. అయినా స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, ఒలింపిక్ ట్రాక్ మీద పరుగెత్తిన మొదటి సౌదీ మహిళ కనుక. అప్పటికి ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆటల పీరియడే లేదు. దానికి అనుమతి 2017లో వచ్చింది. 2015 డిసెంబరు 12న రియాద్‌లో 8,264 మంది మహిళలు గులాబీ రిబ్బన్ ఆకారంలో నిలబడి, రొమ్ము కేన్సర్ మీద అవగాహన కోసం గిన్నెస్ రికార్డు సాధించారు. అయితే అది మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో, నిలబడి చేసిన పని.

రోడ్డెక్కే ముచ్చట రాజధాని కన్నా ముందు ఒక ఒయాసిస్సు ప్రాంతానికి దక్కింది. ఇరవై ఐదు లక్షల ఖర్జూర చెట్లున్న అల్-అహ్సా అది. హొఫుఫ్ దాని ముఖ్య పట్టణం. 2018 ఫిబ్రవరి చివర రియాద్‌లో జరిగిన హాఫ్ మారథాన్ మగవాళ్ళకే. వారం తిరక్కుండా, మార్చి 3న, అల్-అహ్సాలో సుమారు 1,500 మంది మహిళలు మూడు కిలోమీటర్లు పరుగెత్తారు. చాలామంది అబాయాల కింద స్పోర్ట్స్ షూ వేసుకుని వచ్చారు. వారానికి ఒక్కసారైనా వ్యాయామం చేసేవారిని 13 శాతం నుంచి 40 శాతానికి పెంచాలని 2016లో ప్రకటించిన 'విజన్ 2030' ఇటువంటి పరుగులకు ఊతమిచ్చింది.

ఒక్క సంగతి గమనించండి. ఆ రోజు పరుగు ముగించిన మహిళలకు సొంతంగా కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్ళే అనుమతి లేదు. అది ఆ ఏడు జూన్ 24న వచ్చింది. ఆ హక్కు కోసం పోరాడినవారిలో కొందరిని అంతకు నెల ముందే అరెస్టు చేశారు. మార్పు వచ్చింది, కానీ అందరికీ ఒకేలా రాలేదు. 2022 మార్చిలో రియాద్ పూర్తి మారథాన్‌లో ఆడా మగా ఇద్దరూ పాల్గొన్నారు.

ఈ చరిత్ర మనకు కొత్త కొలమానం ఇస్తుంది. ఎంత వసూలైంది అన్నది ఒక లెక్క. ఎవరు రాగలిగారు, ఎవరు రాలేకపోయారు అన్నది మరో లెక్క. ఈ దేశంలో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఎండలో పనిచేసే తమ్ముళ్ళెందరో ఉన్నారు. చాలామందికి శుక్రవారం ఒక్కటే సెలవు. క్యాంపు ఊరికి దూరం. మనం శనివారం పొద్దున్న నడక పెట్టి, కార్లున్నవాళ్ళమే వెళ్ళి ఫొటోలు దిగితే, వాళ్ళు ఆ లెక్కలోకే రారు. ఈసారి నడక శుక్రవారం పెడదాం. టీషర్టుల ఖర్చు కాస్త తగ్గించుకుని, క్యాంపుకు ఒక బస్సు పంపిద్దాం.