గోరు పండటం: గోరింటాకు నుంచి జెల్ పాలిష్ దాకా

రాత్రి గోరింటాకు పెట్టుకున్న చేతిని తెల్లవారి కడిగినప్పుడు తెలుగు ఇళ్ళలో వినిపించే మొదటి ప్రశ్న "పండిందా?" అన్నదే. రంగు పట్టి ముదరడాన్ని మనం పండటం అంటాం. ఆషాఢంలో పెట్టిన ఆకు సరిగా పండకపోతే పోయేదేమీ లేదు. పిల్ల కాస్త చిన్నబుచ్చుకుంటుంది, మంచి మొగుడు రాడని తోటివాళ్ళు ఆటపట్టిస్తారు. ఇప్పుడు అవే గోళ్ళ మీద, ఇంట్లోనే, చిన్న దీపం కింద పండిస్తున్న జెల్ పాలిష్ సంగతి వేరు. అది సగమే పండితే నష్టం గోటి దగ్గర ఆగదు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే గోళ్ళ రంగు నడిచివచ్చిన దారిని ఒకసారి చూడాలి.

అబుదాబి ద్వీపం దాటి ప్రధాన భూభాగంలోకి రాగానే మఫ్రఖ్ వస్తుంది. అరబిక్‌లో ఆ మాటకు దారులు చీలే చోటు అని అర్థం. ఒక దారి అల్ ఐన్ వైపు, మరొకటి సౌదీ సరిహద్దులోని గువైఫాత్ వైపు సాగుతాయి. వైద్యులకు మాత్రం ఆ పేరు వినగానే అక్కడి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి గుర్తుకొస్తుంది. 2019లో దాని స్థానంలో షేక్ షఖ్బూత్ మెడికల్ సిటీ వచ్చింది. గోళ్ళ రంగు చరిత్రలో చీలిన దారులు కూడా ఈ దేశంలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి హిన్నా, అంటే మన గోరింటాకే. ఎమిరేట్స్‌తో సహా పలు అరబ్ దేశాలు కలిసి ప్రతిపాదించగా, హిన్నా ఆచారాలను 2024 డిసెంబరులో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రెండోది బ్యూటీ సెలూన్లలో, ఇప్పుడు ఇళ్ళలోనూ వెలుగుతున్న ఊదారంగు దీపం.

ఈ రెంటి మధ్య భేదాన్ని రసాయనశాస్త్రం కన్నా ముందే ఇక్కడి మతాచారం పట్టుకుంది. నమాజుకు ముందు చేసే వజూలో నీరు గోటిని తాకాలి. హిన్నా గోటిలోకి ఇంకే రంగు కాబట్టి నీటికి అడ్డు కాదు. నెయిల్ పాలిష్ గోటిని కప్పే పొర కాబట్టి అడ్డు. ఇంకడం, కప్పడం అనే ఈ విభజన వైద్యానికీ పనికొస్తుంది.

గోరింట ఆకులో లాసోన్ అనే నారింజ ఎరుపు పదార్థం ఉంటుంది. ఆకును పుల్లని ద్రవంతో నూరినప్పుడు అది బయటికి వచ్చి, గోటిలోనూ చర్మం పైపొరలోనూ ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌తో బంధం ఏర్పరచుకుంటుంది. తరవాత దాన్ని తుడిచివేయలేం. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ, ఆ రంగును తనతోపాటు కొసకు మోసుకుపోతుంది. అసలైన గోరింటాకుకు అలర్జీ చాలా అరుదు. కానీ త్వరగా, నల్లగా పండాలన్న ఆత్రంతో దానిలో పారాఫినైలిన్ డయామిన్ అనే తలరంగు రసాయనం కలిపి 'బ్లాక్ హెన్నా' తయారు చేయగానే బొబ్బలు, జీవితాంతం ఉండే అలర్జీలు వచ్చాయి. తొందరకు చెల్లించే మూల్యం ఎలా ఉంటుందో అక్కడే మొదటి పాఠం ఉంది.

కప్పే పొర కథ వేరు. దానికి మన దగ్గరి పూర్వరూపం లక్క. సంస్కృత లాక్షా శబ్దం అరబిక్ మీదుగా ఐరోపా చేరి 'లాకర్' అయింది. నెయిల్ పాలిష్‌కు నెయిల్ లాకర్ అన్న పేరు అలా వచ్చింది. ఆధునిక గోళ్ళ రంగుకు ఆధారం మాత్రం లక్క కాదు, నైట్రోసెల్యులోజ్. 1920లలో మోటారుకార్లకు త్వరగా ఆరే రంగులు వేయడానికి వాడిన పదార్థమే గోటికీ వచ్చింది. 1932లో న్యూయార్క్‌లో రెవ్లాన్ సంస్థ చిక్కని రంగులతో ఆ వ్యాపారాన్ని విస్తరించింది. మన దేశంలో 1952లో టాటాలు లాక్మే ప్రారంభించారు. దక్షిణాదిలో చాలా ఇళ్ళలో 'క్యూటెక్స్' అన్న కంపెనీ పేరే గోళ్ళ రంగుకు సాధారణ నామమైంది. ఈ రంగు ఎండటం అంటే అందులోని ద్రావకం గాలిలో కలిసిపోవడమే. కొత్త రసాయన బంధం ఏదీ ఏర్పడదు. సరిగా ఆరకపోతే ముద్ద కడుతుంది, అంతే.

మూడో మలుపు దంతవైద్యశాలలో మొదలైంది. 1954లో ఫ్రెడ్ స్లాక్ అనే అమెరికన్ దంతవైద్యుడు తన గోరు విరిగితే, పళ్ళకు వాడే ఆక్రిలిక్‌తో కృత్రిమ గోరు చేసుకున్నాడు. ఆ కుటుంబానికే చెందిన మిథైల్ మెథాక్రిలేట్‌ను ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ కృత్రిమ తుంటికీలును ఎముకకు అతికించే సిమెంటుగా వాడాడు. కానీ అదే ద్రవాన్ని గోళ్ళకు వాడినప్పుడు గాయాల ఫిర్యాదులు రావడంతో, 1970లలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ న్యాయస్థానాల ద్వారా ఆ సరుకును మార్కెట్ నుంచి తీయించింది. 1979లో మరో దంతవైద్యుడు స్టువర్ట్ నార్డ్‌స్ట్రామ్ క్రియేటివ్ నెయిల్ డిజైన్ సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ 2010లో తెచ్చిన 'షెల్లాక్' జెల్ పాలిష్‌ను ఇంటింటి మాట చేసింది. పేరులో లక్క ఉన్నా, పనిచేసేది మెథాక్రిలేట్లే.

జెల్ ఎండదు, పండుతుంది. సీసాలో ఉన్నది చిన్న అణువుల ద్రవం. దీపంలోని అతినీలలోహిత కాంతి తగలగానే అందులోని ప్రేరకం విచ్ఛిన్నమై, ఆ అణువులను పొడుగాటి గొలుసులుగా అల్లుతుంది. అంటే ఇదివరకు కర్మాగారంలో జరిగే చర్య ఇప్పుడు మన వేలి కొసన జరుగుతున్నది. పైకి గట్టిపడినంత మాత్రాన లోపల పూర్తిగా పండినట్టు కాదు. పూత మందమైనా, దీపం బలం చాలకపోయినా అల్లిక పూర్తికాదు. అల్లికలో చేరని అణువులు చర్మంలోకి దిగుతాయి.

వాటిలో ముఖ్యమైనది హైడ్రాక్సీ ఇథైల్ మెథాక్రిలేట్. హెమా అన్నది దాని పొట్టిపేరు. చర్మంలోని రోగనిరోధక కణాలు దాన్ని ఒకసారి శత్రువుగా గుర్తుపెట్టుకుంటే ఇక మరచిపోవు. వేలికొసలు దురదపెట్టి పగులుతాయి, గోరు తన పరుపు నుంచి లేస్తుంది. చేతులు ముఖానికి తగులుతాయి కాబట్టి కొన్నిసార్లు కనురెప్పలు వాచి, మూలం ఎక్కడుందో తెలియనీయవు. హెమా దంతవైద్యులు పళ్ళకు వాడే జిగురులోనూ ఉంటుంది. ఈ కుటుంబంలో ఒకదానికి అలర్జీ వచ్చినవారికి మరొకటి కూడా పడకపోవచ్చు. రేపు పంటికి ఫిల్లింగు చేయించాలన్నా, తుంటికీలు మార్పించాలన్నా ఈ సంగతి వైద్యుడికి చెప్పుకోవలసి వస్తుంది. పది నిమిషాల అలంకరణకు అది పెద్ద ఖరీదు.

ఇది ఊహ కాదు. 2017లో బ్రిటన్, ఐర్లండ్‌లలోని 13 చర్మవైద్య కేంద్రాల్లో ప్యాచ్ టెస్ట్ చేసిన రోగుల్లో 2.4 శాతం మందికి కనీసం ఒక మెథాక్రిలేట్ అలర్జీ తేలింది. వారిలో అత్యధికులు స్త్రీలు. మరుసటి ఏడాది బ్రిటిష్ చర్మవైద్యుల సంఘం, ముఖ్యంగా ఇంట్లో వాడే కిట్ల విషయంలో, ప్రజలను హెచ్చరించింది. 2020లో ఐరోపా సమాఖ్య హెమా ఉన్న గోళ్ళ ఉత్పత్తులను వృత్తినిపుణుల వాడకానికే పరిమితం చేస్తూ నియమం తెచ్చింది. టీపీఓ అనే కాంతిప్రేరకాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. కానీ ఆన్‌లైన్‌లో కొన్న పెట్టె సరిహద్దులు దాటి వస్తుంది. లోపల ఏముందో చదవవలసిన బాధ్యత కొన్నవారిదే.

ఈ చరిత్ర నుంచి, మొదటిసారి ఇంట్లో వేసుకునేవారికి కొన్ని జాగ్రత్తలు వాటంతటవే తేలుతాయి. సీసా మీద హెమా, టీపీఓ పేర్లు లేనిదాన్ని ఎంచుకోవాలి. అయితే హెమా లేదన్నంత మాత్రాన ఆ కుటుంబంలోని మిగతావి లేవని కాదు. దీపం, రంగు ఒకే సంస్థవి కావడం మేలు, ఎందుకంటే ఏ ప్రేరకానికి ఏ కాంతి, ఎంతసేపు కావాలో వారికే తెలుసు. గోటిని లోతుగా అరగదీయకుండా, ఆల్కహాలుతో తుడిస్తే చాలు. ఒక మందపు పూత కన్నా రెండు మూడు పలుచని పూతలు మేలు. చుట్టూ చర్మాన్ని తాకకుండా సన్నని అంచు వదలాలి. తగిలితే దీపం కింద పెట్టకముందే తుడిచేయాలి. బొటనవేలు మిగతా వేళ్ళతో కలిపి పెడితే పక్కకు ఒరుగుతుంది, దాన్ని విడిగా పెట్టాలి. దీపం వేళకు ముందే చెయ్యి తీయకూడదు. చాలా జెల్‌లకు చివర మిగిలే జిగట పొర, గాలిలోని ఆక్సిజన్ వల్ల పండకుండా ఆగిపోయిన జెల్. దాన్ని వేళ్ళతో ముట్టకుండా ఆల్కహాలుతో తుడవాలి. చేతుల పైభాగానికి సన్‌స్క్రీన్ గానీ, వేళ్ళకొసలు కత్తిరించిన తొడుగు గానీ ఉంటే కాంతి నుంచి రక్షణ. తీసేటప్పుడు అసిటోన్‌లో పదీపదిహేను నిమిషాలు నాననివ్వాలి. గోకి పీకితే గోటి పొరలే ఊడివస్తాయి. ఒక్కసారి దురద మొదలైతే మరో కంపెనీ సీసా వెతకడం కాదు, ఆపి చర్మవైద్యుణ్ణి చూడాలి.

మన అమ్మమ్మలు పిల్లల చేతులకు గుడ్డలు చుట్టి, రాత్రంతా కదలొద్దని చెప్పేవారు. ఆకు పండడానికి దాని వేళ దానికి ఇవ్వాలని వారికి తెలుసు. జెల్‌కు కావలసినది రాత్రంతా కాదు, నిమిషమో రెండు నిమిషాలో. ఆ కాస్త వేళనూ పూర్తిగా ఇవ్వడమే ఈ కొత్త పండించడంలోనూ అసలు మెలకువ.