ధాత కరువునాటి శోధన

ఉప్పల్ కూడలినుండి తూర్పుగా సాగు బాట ఘట్‌కేసరు, భువనగిరి, జనగామల మీదుగా హనుమకొండకు పోవును. ఆ కూడలికి ఉత్తరమున నాచారము పారిశ్రామికవాడ; పడమట, నగరము దిక్కున, రామంతపురము. రామంతపురమున కథోలిక గురువులు కాగోరు యువకులకు దైవశాస్త్రము బోధించు సెంట్ జాన్స్ ప్రాంతీయ విద్యాలయము కలదు. ఈ పేటలలో ఆదివారము ప్రొద్దుట నడచిపోవువారికి ఒక వీధిలో గుడి గంట, వేరొక వీధిలో తెలుగు కీర్తన, ఇంకొక మేడమీద సామూహిక ప్రార్థన వినబడుచునే యుండును. ఆ ప్రార్థనలలో తప్పక దొరలు మాట యొకటి కలదు. అది ‘శోధన’.

ఈ మాట మాకు చిరకాలముగ ఆసక్తి గొలుపుచున్నది. ఆంగ్లేయులు కష్టములవలని పరీక్షకు ఒక పదమును, పాపమువైపు లాగు ప్రలోభమునకు వేరొక పదమును వాడుదురు. తెలుగు బైబిలు చదువువారికి రెండును శోధనయే. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషయందును రెంటికి ఒకటే పదము. మన భాషలో మరియొక విశేషము గూడ కలదు: పాదరసమును గంధకమును మందునకు యోగ్యమగునట్లు శుద్ధిచేయుటను ఆయుర్వేదవైద్యులు శోధన మనియే యందురు. కష్టమును ప్రలోభమును మనుష్యుని శుద్ధిచేసి దేవుని సేవకు సిద్ధపరచునని క్రైస్తవులు నమ్ముదురు. ఉపదేశముగ ఇది చెప్పుట తేలిక. చరిత్రలో అట్లు జరిగినదా? జరిగినచో ఏ విధముగ జరిగినది? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఇంతమాత్రమే.

దీనికి జవాబు వెదకుటకు ఉప్పల్ విడిచి ఒంగోలుదాక పోవలెను. కారణము లేకపోలేదు. 1875లో సికింద్రాబాదునందును, 1879లో హనుమకొండయందును కేంద్రములు తెరచినది అమెరికను బాప్టిస్టు మిషను. ఉప్పల్ మీదుగ పోవు బాటకు ఇరుకొనలను ఆ మిషనే నిలిచినదన్నమాట. ఆ మిషనుకు తల్లియూరు నెల్లూరు; దానికి బలము వచ్చిన చోటు ఒంగోలు.

నెల్లూరి మిషను మొదటి యేండ్ల కథ క్లుప్తముగ చెప్పవచ్చును. సామ్యూల్ డే యను నాతడు 1836లో తెలుగువారికొరకై వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. పాతికేండ్లకుగూడ సంఘము చేతివ్రేళ్ళపై లెక్కపెట్టదగినంతే. అమెరికాలోని పెద్దలు దీనిని మూసివేయుదమా యని పలుమారులు తర్జనభర్జన చేసిరి. దీనికి ‘ఒంటరి నక్షత్ర’ మను పేరు వచ్చినది ఆ చర్చలలోనే. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు గుట్ట యొక్కటి యెక్కి, ఆ యూరికొక బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ గుట్టను నేటికిని ప్రార్థన కొండ యందురు.

బోధకుడు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టెను. జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, యౌవనమున అమెరికా పశ్చిమభాగపు అడవులలో భూమిని కొలుచు సర్వేవారితో తిరిగినవాడు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయము ముందునుండి దినదినము పోవుచుండు మన శ్రోతలకు ఆ విద్య యెట్టిదో తెలియును. గొలుసు పట్టి నేల కొలిచిన ఆ యనుభవము అతని మతబోధకు పనికివచ్చునని అప్పుడెవరును తలచియుండరు. అతడు 1866లో ఒంగోలు చేరెను.

తొలి శోధన అతనికే వచ్చెను. పట్టణములోని బ్రాహ్మణులు కొందరు అతని బడిని ఆదరించి, బోధను ఆలకించుచుండిరి. అంతలో మాదిగపల్లెలనుండి జనులు వచ్చి సంఘమున చేరసాగిరి. వారిని చేర్చుకొన్నచో మేము రామని పట్టణపు పెద్దలు స్పష్టముగ చెప్పిరి. ఒకవైపు చదువు, పలుకుబడి, జిల్లా అధికారుల మెప్పు. మరియొకవైపు చచ్చిన గొడ్డును మోయు జనము. క్లౌయు అతని భార్య హారియట్టును ఎవరి గదిలో వారు బైబిలు తెరచిరనియు, కొరింథీయులకు వ్రాయబడిన మొదటి లేఖలో దేవుడు పిలిచినవారిలో లోకదృష్టికి జ్ఞానులును ఘనులును అనేకులు లేరని చెప్పు భాగమే ఇరువురికిని కనబడెననియు అతడు తరువాత చెప్పుకొనెను. దైవికమో, యాదృచ్ఛికమో, వినువారే నిర్ణయించుకొందురు గాక. మా దృష్టికి ముఖ్యమైనది వేరు. శోధన బీదలనే వెదకుకొని వచ్చునని తలచుట పరిపాటి. ఇచ్చట అది దొరగారి బంగళా మెట్లు ఎక్కి, గౌరవము రూపున వచ్చినది.

మాదిగలలో మొదటివాడు యర్రగుంట్ల పేరయ్య, తోలు వర్తకుడు. క్రైస్తవుడు కాకమునుపు అతడు ఒక స్త్రీ గురువువద్ద రాజయోగదీక్ష పొంది, దేవుడొక్కడే యని యెరిగి సాధన చేసినవాడు. ఇట్టి తొలి విశ్వాసుల నోటిమాటలను క్లౌ రెండవ భార్య ఎమ్మా సేకరించి, ‘చెప్పులు కుట్టుచు’ అను అర్థమిచ్చు పేరుతో 1899లో ఆంగ్లమున గ్రంథముగ ప్రకటించెను. ఆ గ్రంథమును చదివినవారికి పేరయ్య ఖాళీ కుండవలె మిషనువారియొద్దకు పోలేదని తెలియును. ఆకలినోర్చు అలవాటు, ఏకాంతమున కూర్చుండు అలవాటు అతనికి ముందే కలవు.

చేరినవారికి నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు చిన్నవి. కాని గ్రామవ్యవస్థలో మాదిగవాని బ్రదుకు ఈ మూటితోనే పెనవేసికొనియుండెను. చచ్చిన గొడ్డును తీయుట అతని విధి, దాని తోలు అతని జీవనాధారము, మాంసము అతని కూలిలో భాగము. జాతరలో డప్పు కొట్టుట అతని వంతు. కోతలు ఆదివారమని యాగవు. పై నియమములు పాటించినవారికి పల్లెలలో పని నిలిచెను, అంగడివాడు సరుకు నిరాకరించెను, నీటికి దారి మూసిరి, కొందరు దెబ్బలు తినిరి. గ్రామపెద్దల పక్షమున ఒక మాట చెప్పవలసియున్నది: డప్పు మ్రోగక జాతర సాగదు, జాతర సాగక ఊరికి అరిష్టమని వారు మనసార నమ్మిరి. అందుచే కలిగిన కోపమంతయు కేవల దౌర్జన్యము కాదు. కాని ఎండినది మాత్రము మాదిగవాని గొంతుకయే.

ఆ శోధనకు తప్పించుకొను మార్గమును ఎదుటనే యుండెను. ఒక్క జాతరకు డప్పు పట్టినచో చాలు. బావియు అంగడియు తెరచుకొనును. కష్టమును ప్రలోభమును ఒకే మాటతో పిలిచిన మన అనువాదకుల తెలివి మాకిచ్చట అర్థమగుచున్నది. దప్పిక యొక శోధన. దప్పిక తీర్చుకొను సులభోపాయము ఆ శోధనకే రెండవ ముఖము.

1876లో వానలు తప్పెను. ధాత నామ సంవత్సరమున వచ్చినందున దానిని ధాత కరువందురు. అంతకు ముందు 1832–33 నాటి నందన కరువును చూచిన ముదుసళ్ళు అప్పటికింకను కొందరు బ్రదికియుండిరి. ఇది దానినిగూడ మించెను. రెండేండ్లలో దక్షిణభారతమున మృతులు 50 లక్షలకు పైబడిరని అంచనా. పొదుపు చూపుటకై భారత ప్రభుత్వము సర్ రిచర్డు టెంపుల్‌ను పంపగా, పనిచేయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని అతడు నిర్ణయించెను. 1867లో మన హైదరాబాదున రెసిడెంటుగ నున్నది ఈ టెంపులే. ఆ కూలితో మట్టిపని చేయువాని శరీరము నిలువదని మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగ వాదించెను.

కరువు పనులలో ముఖ్యమైనది తీరము వెంట త్రవ్విన కాలువ. అప్పటి మదరాసు గవర్నరు పేర దానికి బకింగుహాము కాలువయని పేరు వచ్చెను. క్లౌ ప్రభుత్వమువారినుండి మూడున్నర మైళ్ళ త్రవ్వకము కంట్రాక్టుగ పుచ్చుకొనెను. మతబోధకుడు కంట్రాక్టరగుట వింతగనే తోచును. కాని వెనుకటి సర్వే చదువు అప్పుడు అక్కరకు వచ్చెను. రాజుపాలెమువద్ద శిబిరము వేసి, తాటాకు పాకలు కట్టించి, నీటికి బావులు త్రవ్వించి, తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగ నియమించెను. ఇతర భాగములలో మేస్త్రీల తిట్లకును కోతలకును జడిసిన జనము, ఇచ్చట కూలి సరిగ ముట్టునని విని, జిల్లా మూలమూలలనుండి వచ్చి చేరిరి.

మాకు తోచినంతలో ఈ చరిత్రకంతటికి మర్మస్థానమిదియే. అంతవరకు ఆ బోధకులు చెట్టుక్రింద నిలిచి మాటలు చెప్పినవారు. ఇప్పుడు వారి చేతిలో హాజరుపట్టీ యున్నది, కూలి డబ్బులున్నవి. తమను బావికి రానీయని కులములవారు సైతము తట్ట పట్టి వారి యెదుట నిలిచిరి. పగ తీర్చుకొనుటకు ఇంతకంటె అనువైన సమయము వేరొకటి లేదు. అణాలో కాసంత మిగుల్చుకొనుటకును లేదు. ఇవియు శోధనలే. మధ్యాహ్నపు విరామమున వారు కూలీలతో నేలపై కూర్చుండి, చచ్చినవారిని గూర్చి, బ్రదికినవారిని గూర్చి, దేవుని గూర్చి మాటలాడిరి. తప్పిపోయిన బిడ్డలను, దారిలో విడువబడిన ముసలివారిని గూర్చి వినిరి. ఇట్టి పాఠములు ఏ విద్యాలయమునను ఉండవు.

బాప్తిస్మమిమ్మని అడుగువారు వందలు, వేలు కాజొచ్చిరి. క్లౌ నిరాకరించెను. 1877 మార్చినుండి పదునైదు నెలలు సంఘద్వారము మూసియుంచెను. అన్నముకొరకు వచ్చినవాడెవడో, దేవునికొరకు వచ్చినవాడెవడో ఆకలి కాలమున తెలియదని అతని వాదము. లండను లార్డు మేయరు విరాళముల సొమ్ము పంపకము అతని చేతులమీదుగ జరుగుచున్నందున, తలుపు తెరచుట మరింత ప్రమాదమని అతడెరుగును. సంఖ్యలను చూచి మురియు దాతలు స్వదేశమున గలరు. వేలమంది గుమ్మమున నిలిచియున్నారు. కాదనుట బోధకుని కెంత కష్టమో ఊహింపవచ్చును.

ఈ నిరీక్షణను అందరు మెచ్చుకొనవలెనని లేదు. బాప్తిస్మము విశ్వాసమునకు గుర్తేగాని మోక్షమునకు ద్వారము కాదని బాప్టిస్టుల సిద్ధాంతము. కనుక క్లౌ ఆగగలిగెను. మరణించు శిశువుకైనను జ్ఞానస్నానము ఇచ్చితీరవలెనను కథోలిక గురువు అదే శిబిరమున నుండినచో అట్లు ఆగియుండడు, అతని కారణమును తేలికగ తీసివేయదగినది కాదు.

1878 జూన్ మాసమున కరువు కూలి ముగిసెను. ఇక సహాయము లేదు, సొమ్ము లేదు, ఇండ్లకు పొండని క్లౌ చెప్పగా, మేము అడుగునది సహాయము కాదని జనులు బదులిచ్చిరట. అప్పుడు తలుపు తెరచిరి. ఒంగోలుకు పదిమైళ్ళ యుత్తరమున, మదరాసు రాజబాట గుండ్లకమ్మను దాటు వెల్లంపల్లివద్ద ఏట నీరు చాలినంత యుండెను. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన నీట నిలిచి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు, ప్రొద్దుననుండి సాయంకాలమువరకు, నడుమ మధ్యాహ్నము మాత్రమాగి, ఆ పని ముగించిరి. సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘము 12,000 దాటెను.

వీరు ‘అన్నపు క్రైస్తవు’ లని అప్పటినుండియు ఒక యెత్తిపొడుపు కలదు. పదునైదు నెలల నిరీక్షణ దానికి సగము జవాబు. మిగిలిన సగమును దాచనక్కరలేదు: కాలువగట్టున తమకు సరిగ కూలి కొలిచియిచ్చిన చేతులను ఆ జనము మరువలేదు, ఆ జ్ఞాపకము వారిని ఏటివరకు నడిపించినది. కృతజ్ఞతను దొంగతనమువలె చూచుట మాకు న్యాయముగ తోచదు. అట్లని ఆకలిని గురువుగ పొగడుటయు తప్పే. అదే కరువులో అదే జిల్లాలో ఆకలి తల్లిదండ్రులచేత బిడ్డలను విడిపించినది, పొరుగువానిని దొంగను చేసినది. పాదరసము వట్టి నిప్పులో పడినచో ఆవిరియై పోవును. శుద్ధి యగుటకు నూరువాడు కావలెను. రాజుపాలెమున ఆ పని చేసినది, మా యభిప్రాయమున, నమ్మకముగ కొలిచిన కూలియు, ప్రక్కన కూర్చుండిన మనుష్యుడును.

మన తెలంగాణమున ఇట్టిదే మరియొక కథ మెదకు మహాదేవాలయమునకు గలదు. చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు దినములలో పనివారికి అన్నము పెట్టుచు దానిని కట్టించెననియు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెననియు క్రిస్మసుకు అక్కడికి పోవు మన నగరవాసులెల్లరు వినియేయుందురు. అచ్చట కోనేటి నీటికన్న ఎత్తైన గోపురము మిగిలినది. వెల్లంపల్లివద్ద ఏరు మిగిలినది.

నీటినుండి లేచినవారికి మరునాడు ఏమైనది? వారు తమ పల్లెలకు పోయిరి. కాలువ కూలి లేదు. బావి, అంగడి, జాతర యథాప్రకారముగ నున్నవి. గొడ్లు చచ్చుచునే యుండెను, డప్పు కొట్టుమని కబురు వచ్చుచునే యుండెను. ప్రతి పల్లెకును బోధకుని పంపుటకు చాలినంతమంది లేరు. పేరయ్యవంటివారు కాలినడకను ఒక పల్లెనుండి మరియొక పల్లెకు తిరిగి, రాత్రివేళ దీపము వెలిగించి, చదువురానివారికి కంఠస్థము చేయించిరి. ఆ మరుసటి సంవత్సరము, 1879లో, హనుమకొండయందు మిషను ఇల్లు తెరచిరి.