సిస్టమ్స్ అనలిస్ట్ అసలు ఏం చేస్తారు?

ఇంగ్లండ్‌లో మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఒకరైనా ఐటీలో ఉంటారు. వాళ్లలో చాలామంది హోదా సిస్టమ్స్ అనలిస్ట్ అనో, బిజినెస్ అనలిస్ట్ అనో ఉంటుంది. నేనూ ఆ పనే చేస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లకూ, ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకూ మాత్రం ఒక సందేహం మిగిలిపోతుంది: "కోడ్ రాయకపోతే మరి చేసేదేమిటి?" సమాధానం కావాలంటే ముందు ఇన్ఫర్మేషన్ సిస్టమ్ సంగతి తెలియాలి.

ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అంటే

సమాచారాన్ని సేకరించి, దాచి, పనికొచ్చే రూపంలోకి మార్చి, అవసరమైనవాళ్లకు అందించే ఏర్పాటు ఇది. ఇందులో భాగాలు ఐదు: మనుషులు, పని పద్ధతులు, డేటా, సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్. కంప్యూటర్ లేకున్నా ఇది ఉంటుంది. ఊళ్లో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చిన్న ఇన్ఫర్మేషన్ సిస్టమే.

వాడుకను బట్టి ఇందులో రకాలున్నాయి. సూపర్ మార్కెట్ బిల్లింగ్‌లా రోజువారీ లావాదేవీలను నమోదు చేసేవి ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్స్. వాటి నుంచి మేనేజర్లకు నివేదికలు ఇచ్చేవి మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. "ఇలా చేస్తే ఏమవుతుంది?" అని లెక్క వేసి చూపేవి డెసిషన్ సపోర్ట్ సిస్టమ్స్.

లండన్ అంబులెన్స్ నేర్పిన పాఠం

ఐదు భాగాల్లో మనుషుల్ని, పని పద్ధతుల్ని పక్కన పెడితే ఏమవుతుందో 1992లో లండన్ అంబులెన్స్ సర్వీస్ చూసింది.

అప్పటివరకు ఫోన్ ఎత్తిన ఉద్యోగి వివరాలు కాగితం మీద రాసేవారు. ఆ కాగితం కన్వేయర్ బెల్ట్ మీద వెళ్లేది. అది ఏ ప్రాంతానిదో చూసి, ఏ బండిని పంపాలో మనుషులే నిర్ణయించేవారు. ఇది నెమ్మదిగా సాగే పని. అందుకే దగ్గరి బండిని కంప్యూటరే ఎంచే కొత్త సిస్టమ్ తెచ్చి, అక్టోబర్ 26న దాని మీదకు మారారు.

అది సరిగ్గా పనిచేయాలంటే ప్రతి బండి ఎక్కడుందో, ఖాళీగా ఉందో లేదో క్షణక్షణం తెలియాలి. అందుకు సిబ్బంది బండిలోని బటన్లను సరైన వరుసలో నొక్కాలి. ప్రాణాపాయంలో ఉన్న రోగిని చూసుకుంటూ అది అన్నిసార్లూ కుదరలేదు. కొన్ని రేడియో సందేశాలు అందలేదు. కంప్యూటర్ దగ్గర తప్పు వివరాలు పేరుకున్నాయి. ఒకే చోటికి రెండు బండ్లు వెళ్లాయి, దగ్గర బండి ఉండగా దూరపు బండి బయల్దేరింది. అంబులెన్స్ రాలేదని జనం మళ్లీ ఫోన్ చేయడంతో కాల్స్ ఇంకా పెరిగాయి. మర్నాడు మధ్యాహ్నానికి కొంతవరకు పాత పద్ధతికి వెనక్కి వెళ్లారు. నవంబర్ 4న సిస్టమ్ పూర్తిగా ఆగిపోయింది. అందుకు కారణం, వాడిన మెమరీని తిరిగి ఖాళీ చేయని చిన్న ప్రోగ్రామింగ్ లోపం.

1993లో వచ్చిన విచారణ నివేదిక ముఖ్యమైన మాట ఒకటి చెప్పింది. అక్టోబర్ 26, 27 తేదీల్లో సాంకేతికంగా కంప్యూటర్ చెడిపోలేదు, తనను ఎలా తయారుచేశారో అలాగే పనిచేసింది. లోపం ఆ రూపకల్పనలోనే ఉంది.

అనలిస్ట్ పని ఇక్కడే

ఆ లోపాన్ని కోడ్ రాయకముందే పట్టుకోవడం మా పని. మొదట, పని చేసేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో చూస్తాం. మాన్యువల్‌లో రాసినదానికీ జరిగేదానికీ తేడా అక్కడే బయటపడుతుంది. తర్వాత అవసరాలను అందరికీ ఒకేలా అర్థమయ్యేలా రాస్తాం. సమాచారం ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో డేటా ఫ్లో డయాగ్రమ్ గీస్తాం. "బటన్ నొక్కకపోతే?", "సిగ్నల్ అందకపోతే?" అని అడుగుతాం. చివరగా టెస్టింగ్, శిక్షణ, ఏదైనా ఆగిపోతే వెనక్కి వెళ్లే దారి సిద్ధంగా ఉన్నాయో లేదో చూస్తాం.

అమెరికా కార్మిక శాఖ జాబితాలో కూడా కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్, ప్రోగ్రామర్ వేర్వేరు ఉద్యోగాలు. ఈ పనికి కోడింగ్ పరిచయం, ఎస్‌క్యూఎల్ తెలియడం మేలు. ఓపికగా వినడం, స్పష్టంగా రాయడం మాత్రం తప్పనిసరి. అందుకే బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, బడిలోనో పనిచేసిన అనుభవం ఇక్కడ వృథా పోదు.

ఈ పని మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవాలంటే, మీ దగ్గరి తెలుగు బడిలో పిల్లల్ని చేర్చుకునే పద్ధతిని కాగితం మీద గీయండి. ఫారం ఎవరు నింపుతారు? ఫీజు అందిందని ఎవరు చూస్తారు? ఫీజు కట్టినా పిల్లవాడి పేరు జాబితాలోకి ఎక్కకపోతే ఆ సంగతి ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది? మూడో ప్రశ్న మీకు మీరుగా తడితే, ఈ పని మీకు నప్పుతుంది.