ఎగ్జాస్ట్ హెడర్లు: ఇంజను మార్చిన జీపులలో

ఇంజను సిలిండర్లనుండి వెలువడు దగ్ధవాయువును, సిలిండరుకొక ఉక్కుగొట్టము చొప్పున వేర్వేరుగా కొంతదూరము నడిపించి, ఆపై ఒక్క గొట్టములోనికి చేర్చు సాధనమునకు హెడర్ అని పేరు. కార్ఖానానుండి ఇంజనుతోబాటు వచ్చు పోత ఇనుప మానిఫోల్డు సైతము ఈ పనినే చేయునుగాని, అందలి దారులు కురుచవై, ఒకదానితో నొకటి త్వరగా కలిసిపోవును. కొండదారుల జీపులలో పరాయి ఇంజనును నిలిపినవారు హెడర్లను వెదకుటకు శక్తిపై మోజు కొంతమాత్రమే కారణము. చోటు చాలకపోవుటయే అసలు కారణమని జీపులలో ఈ సాధనముయొక్క చరిత్రయంతయు చెప్పుచున్నది.

పొగద్వారము తెరచుకొన్న క్షణమున అధికపీడనముతో గొట్టములోనికి దూకిన వాయువు గొట్టపు కొసను చేరగానే, దానికి ప్రతిగా ఒక అల్పపీడనతరంగము వెనుకకు మరలును; ఆ తరంగము ద్వారము మూసికొనకమునుపే తిరిగివచ్చెనేని, సిలిండరులో మిగిలిన పొగను వెలికి లాగి, క్రొత్త మిశ్రమమునకు దారి కల్పించును. గొట్టము పొడవైనచో ఈ మేలు తక్కువ వేగమునను, కురుచయైనచో మిక్కిలి హెచ్చు వేగమునను కలుగును. బండరాళ్లపై మెల్లగా ప్రాకు జీపునకు కావలసినది తక్కువ వేగమునందలి బలము. అనగా పొడవైన గొట్టములు కావలెను. అవి పట్టుటకు జీపులో చోటు లేదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

హెడర్ల పుట్టుక జీపులకు సంబంధించినది కాదు. 1932లో వెలువడిన ఫోర్డు ఫ్లాట్‌హెడ్ వీ-8 ఇంజనులో పొగ దిమ్మె (బ్లాక్) గుండా ప్రయాణించి, ప్రక్కకు నాలుగు సిలిండర్లున్నను మూడే ద్వారములగుండా వెలువడుచు, ఇంజనును అతిగా వేడెక్కించుచుండెను. దక్షిణ కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల నేలలపై పందెములాడు యువకులు ఇట్టి ఇంజనులకు గొట్టములను వంచి, తామే వెల్డింగు చేసికొని తగిలించుచుండిరి. 1954లో హెడ్‌మన్, 1962లో హుకర్ సంస్థలు వెలయుటతో ఈ చేతిపని అంగడి సరకైనది.

1941 నాటి విల్లీస్ జీపు ఇంజను 134 ఘనపుటంగుళములది. దాని బలము 60 అశ్వశక్తులు. యుద్ధానంతరము పౌరులకై వచ్చిన తొలి సీజే జీపులలోను ఆ ఇంజనే ఉండెను. 1955లో షెవ్రొలే సంస్థ 265 ఘనపుటంగుళముల చిన్న వీ-8ను, కనీసము 162 అశ్వశక్తులతో విడుదల చేయగా, కాలక్రమమున పాతకార్ల దొడ్లలో చవుకగా దొరకు ఆ ఇంజనును జీపులోనికి దించుట అమెరికాలో ఒక ఆచారమైపోయెను. ఇంజను కూర్చున్నదిగాని, పొగ వెళ్లుటకు దారి లేదు: ఎడమప్రక్క స్టీరింగు కడ్డీయు, క్లచ్చి లంకెలును, కుడిప్రక్క స్టార్టరు మోటారును, ముందు ఇరుసునకు పోవు షాఫ్టును. ఈ ఇరుకున పొదుపుగా పనికివచ్చినది షెవ్రొలేవారి పోత ఇనుప మానిఫోల్డే. పొట్టేలు కొమ్ములవలె ఇరువైపుల వంగి, నడుమనుండి నేరుగా క్రిందికి పొగను విడుచు ఆ మానిఫోల్డు కడ్డీని తాకక, షాఫ్టును కాల్చక, ఖర్చు లేక కుదిరెను. అది కుదరని బండ్లకొఱకు దిమ్మెను అంటిపెట్టుకొని దిగు కురుచ హెడర్లును, చక్రపు గూళ్లగుండా వెలుపలికి పోవు హెడర్లును వచ్చినవి. చక్రపుగూటి హెడర్లలో గొట్టముల పొడవు దక్కునుగాని, చక్రము పూర్తిగా తిరిగినప్పుడును, స్ప్రింగులు పూర్తిగా అణగినప్పుడును టైరు వానిని రాచుకొను ప్రమాదము కలదు.

కురుచ హెడర్లవలన గొప్ప శక్తి వచ్చునని ఆశించుట తగదు. ఆ పాత షెవ్రొలే ఇంజను 1-8-4-3-6-5-7-2 వరుసను మండును; బేసి అంకెలు ఎడమవి, సరి అంకెలు కుడివి. కాగా ఎడమవైపున 5, 7 సిలిండర్లును, కుడివైపున 8, 4 సిలిండర్లును వెంటవెంటనే పొగను విడిచి, దగ్గరగా కలిసిన గొట్టములలో ఒకదాని కొకటి అడ్డుపడును. పొడవుగొట్టములు దీనిని కొంత సవరింపగలవు; జానెడు గొట్టములు సవరింపలేవు.

జీపులో పెద్ద ఇంజనును నిలుపుటలో కార్ఖానాలును ఈ బాటనే పట్టినవి. కైజర్ యాజమాన్యమున 1965లో బ్యూయిక్ వీ-6 ఇంజనును, ఏఎంసీ యాజమాన్యమున 1972లో 304 ఘనపుటంగుళముల వీ-8ను సీజే జీపులు పొందినవి. 1975 నాటి కార్లనుండి అమెరికాలో ఉత్ప్రేరక కన్వర్టరులు వ్యాపించుటచేత హెడర్ ఎంపికలో చట్టముకూడ ఒక పక్షమైనది. 1990 దశకమున జీపులోని 4 లీటర్ల ఇంజనునకు కార్ఖానావారే గొట్టపు హెడర్‌ను అమర్చగా, వెల్డింగు చోట్ల అది పగులుట సామాన్యమైపోయెను. గొట్టము ప్రతిచోటను పోతకంటె మేలుకాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? 1997లో జీఎం సంస్థ ఎల్‌ఎస్ ఇంజనులను, 1999నుండి ట్రక్కులలో వాని 4.8, 5.3, 6 లీటర్ల రూపములను తెచ్చిన పిమ్మట మార్పిడికి అవే ముఖ్యములైనవి. మన మహీంద్రా జీపులలో ఎక్కువగా డీజిలు ఇంజనులే ఉండుటచేతను, టర్బో బరువును మోయుటకు పోత ఇనుమే తగియుండుటచేతను ఈ చర్చ మనవైపు అంతగా సాగలేదు.

చవుక హెడర్ల గుణదోషములు చూపునకు అందునవే. 18 గేజి రేకు గొట్టము సుమారు 1.2 మిల్లీమీటర్ల మందము, 16 గేజిది సుమారు 1.6, ఆ స్వల్పభేదమే ఆయుర్దాయమును నిర్ణయించును. సిలిండరు హెడ్‌కు బిగించు పట్టీ (ఫ్లాంజి) 3/8 అంగుళము మందముండుట మేలు. పలుచని పట్టీ వెల్డింగు వేడికి వంగును. అంచుతిన్నని ఇనుపబద్దను పట్టీపై నిలువుగా ఉంచి, వెనుక దీపము పట్టిచూచినచో, వంపున్నచోట వెలుతురు సన్నని గీతగా కనబడును; ఆ సందునుండియే గాస్కెట్టు కాలి, పొగ చప్పుడుతో కారి, బయటిగాలి చొరబడుటచేత ఆక్సిజన్ సెన్సరు ఇంధనము తక్కువైనదని పొరబడును. స్టెయిన్‌లెస్ అన్నంతమాత్రమున శ్రేష్ఠము కాదు: మైల్డ్ స్టీలు వేడికి 12 పాళ్లు సాగుచోట 304 రకము సుమారు 17 పాళ్లు సాగుటచేత, పలుచని వెల్డింగులు పగులును. 409 రకమునకు ఈ బాధ తక్కువ. వేడిని ఆపుటకు చుట్టు పట్టీగుడ్డ బురదనీటిని పీల్చి, మైల్డ్ స్టీలును లోలోపల తుప్పుపట్టించును. ధనమున్నచో సిరామిక్ పూత మేలు.

గొట్టపు వ్యాసము విషయమున, 350 ఘనపుటంగుళముల లోపు ఇంజనుతో మెల్లగా నడచు జీపునకు ఒకటిన్నర లేక 1-5/8 అంగుళములు చాలును. బోల్టులను మొదటి వేడి తగ్గిన పిదప మరల బిగింపవలెను. తక్కువ వెచ్చముతో ఇంజను మార్చువాడు హెడర్ల ధరలు చూచుటకుముందు, ఆ ఇంజనునకే కార్ఖానావారు పోసిన మానిఫోల్డులలో ఏది తన ఛాసిస్‌లో పట్టునో కొలిచి చూడవలెను. ఏదియు పట్టనప్పుడే హెడర్ కొనుట న్యాయము.