పరుగు బూటు చరిత్ర: కొత్తగా మొదలుపెట్టేవారికి ఏమి అవసరం?

1. పరిచయం

ఉదయంపూట పరుగెత్తడం మొదలుపెట్టాలని మీరు బూట్ల దుకాణానికి వెళ్తే, గోడనిండా ఉన్న రకాలను చూసి తికమకపడడం సహజం. అంత ఖరీదైనవి కొనలేక పరుగు ఆలోచననే మానుకొనేవారు కొందరు. తాహతుకు మించి కొని, నెల తిరగకముందే వాటిని మూలన పడేసేవారు మరికొందరు. ఈ రెండు ఇబ్బందులనూ తప్పించుకోవడానికి చరిత్ర మీకు కొంత సాయపడగలదు. దుకాణంలోని ప్రతి వస్తువు గురించీ మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎప్పుడు వచ్చింది? ఎవరి కోసం తయారైంది? ఏ అవసరాన్ని తీర్చింది?

2. రబ్బరు సోలు, స్పైక్స్

ముడి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే వల్కనైజేషన్ పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ తరవాతనే రబ్బరు సోలు, గుడ్డ పైభాగం గల తేలికైన బూట్లు విరివిగా తయారయ్యాయి. మన బడుల్లో డ్రిల్లు పీరియడుకు వేసుకొనే తెల్ల కాన్వాస్ బూట్లు ఈ కోవకు చెందినవే.

పోటీల్లో పాల్గొనేవారి అవసరం వేరు. మట్టి ట్రాక్ మీద కాలు జారకూడదు. ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో జె.డబ్ల్యు. ఫాస్టర్ 1890లలో స్పైక్స్ ఉన్న పరుగు బూట్లను చేతితో తయారుచేశాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణ పతకాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్, జర్మనీకి చెందిన డాస్లర్ సోదరుల బూట్లు వాడాడు. ఆ సోదరులు విడిపోయిన తరవాత ఏర్పడిన సంస్థలే అడిడాస్, ప్యూమా. గమనించండి: ఈ దశ వరకు పరుగు బూటు ప్రధానంగా పోటీ క్రీడాకారుని పనిముట్టు.

3. సామాన్యుల పరుగు

ఆరోగ్యం కోసం మామూలు మనుషులు నెమ్మదిగా పరుగెత్తడం 1960లలో ప్రచారం పొందింది. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు నడివయసు వారిచేత సైతం పరుగు తీయించేవాడు. 1962లో అక్కడికి వెళ్లిన అమెరికన్ శిక్షకుడు బిల్ బవర్‌మన్ ఆ పద్ధతిని చూసి, తన రాష్ట్రమైన ఆరెగాన్‌లో ప్రవేశపెట్టాడు. ఒక హృద్రోగ వైద్యునితో కలిసి 'జాగింగ్' అనే పుస్తకం రాశాడు. 1964లో ఫిల్ నైట్‌తో కలిసి ఆయన స్థాపించిన బ్లూ రిబ్బన్ స్పోర్ట్స్ మొదట జపాన్ బూట్లను అమ్మేది. తరవాత అదే నైకీ అయింది.

ఇక్కడ ఒక మలుపు ఉంది. పోటీదారులు కొద్దిమంది, ఆరోగ్యం కోసం పరుగెత్తేవారు లక్షల్లో ఉంటారు. సిమెంటు దారుల మీద నడిచే, పరుగెత్తే ఈ కొత్త కొనుగోలుదారుల కోసం 1970లలో మెత్తని నురుగు పొరలు, ఎత్తైన మడమలు వచ్చాయి. వాటిలో అవసరమూ ఉంది, వ్యాపారమూ ఉంది. ఈ రెండింటినీ విడదీసి చూడడం మీరు నేర్చుకోవాలి.

4. లెక్కలోకి రానివారు

మారథాన్ దూరం స్త్రీల శరీరానికి తగదనే కారణంతో 1966లో బాబీ గిబ్ దరఖాస్తును బోస్టన్ మారథాన్ నిర్వాహకులు తిరస్కరించారు. ఆమె పొదల చాటున వేచి ఉండి, పరుగు మొదలయ్యాక గుంపులో కలిసి, 3 గంటల 21 నిమిషాల్లో పూర్తిచేసింది. ఆ పోటీలో స్త్రీలకు అధికారికంగా ప్రవేశం 1972లో గాని లభించలేదు.

స్త్రీలను పరుగరులుగా గుర్తించనప్పుడు వారి కోసం దుస్తులు ఎవరు తయారుచేస్తారు? 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే ముగ్గురు స్త్రీలు ఈ లోటును తామే పూడ్చారు. పురుష క్రీడాకారులు వాడే సపోర్టర్లు రెండింటిని కలిపి కుట్టి, మొదటి నమూనా తయారుచేశారు. నేటి స్పోర్ట్స్ బ్రాకు అది మూలం. దీన్ని ఏ పెద్ద సంస్థా ఆలోచించలేదు. పరుగులో ఇబ్బంది పడినవారే ఆలోచించారు. స్త్రీలకు ఇది అలంకారం కాదు, బూటుతో సమానమైన అవసరం. విద్యార్థినులు తమ ఖర్చులో దీనికి ముందే చోటు ఉంచుకోవాలి.

5. బూటు ఉండాలా, వద్దా?

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియా సైనికుడు అబేబే బికిలా ఉత్త కాళ్లతో పరుగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. 1964 టోక్యోలో బూట్లు వేసుకొని అంతకన్నా సుమారు 3 నిమిషాలు ముందే పూర్తిచేశాడు. మన దేశంలో శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో ఉత్త కాళ్లతోనే 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించాడు. ఆ జాతీయ రికార్డు దశాబ్దాలపాటు నిలిచింది. వీటిని బట్టి బూటు అనవసరమని గాని, బూటు వల్లనే వేగం పెరుగుతుందని గాని తేల్చకండి. వీరు ఏళ్లతరబడి సాధన చేసినవారు. దారి, వాతావరణం, శిక్షణ ఒక్కో పోటీలో ఒక్కో రకంగా ఉంటాయి.

వ్యాపార ప్రచారం రెండు వైపులా సాగింది. అరికాలి ఆకారాన్ని బట్టి బూటు ఎంచుకొంటే గాయాలు తగ్గుతాయని చాలాకాలం నమ్మారు. అమెరికా సైనిక దళాల్లో కొత్తగా చేరినవారిపై జరిపి, 2009, 2010లలో ప్రచురించిన పరిశోధనల్లో అలాంటి ఎంపిక వల్ల చెప్పుకోదగిన లాభం కనబడలేదు. మరోవైపు, పాదాలకు మేలు చేస్తాయంటూ వేళ్ల ఆకారపు పలుచని బూట్లను అమ్మిన వైబ్రమ్ సంస్థ, ఆ ప్రకటనలపై దాఖలైన దావాను 2014లో 37.5 లక్షల డాలర్లతో రాజీ చేసుకొంది. కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్, ఆయన సహచరులు 2015లో ఒక సరళమైన సూచన చేశారు: పాదానికి హాయిగా అనిపించే బూటునే ఎంచుకోవాలి. ఇది తుది నిర్ణయం కాదు, ఒక ప్రతిపాదన. అయినా దీన్ని పాటించడానికి అదనపు ఖర్చు లేదు.

6. మీ ఎంపికకు అన్వయం

బూట్లను సాయంత్రం కొనండి. పగలంతా తిరిగాక పాదం కొద్దిగా ఉబ్బుతుంది. పరుగులో వాడే సాక్సులతోనే వేసుకొని చూడండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ జారకూడదు. దుకాణంలోనే నాలుగడుగులు పరుగెత్తి చూడండి. 'వాడగా వాడగా సర్దుకుంటుంది' అని ఎవరైనా చెబితే ఆ జతను పక్కన పెట్టండి. నూలు సాక్సులు చెమటను పీల్చి తడిగా ఉండిపోతాయి, దానివల్ల బొబ్బలు రావచ్చు. త్వరగా ఆరే సింథటిక్ సాక్సులు మేలు. చొక్కా, నిక్కరు ఇంట్లో ఉన్నవే, వదులుగా, తేలికగా ఉంటే చాలు. రికార్డుల కోసం తయారైన కార్బన్ పలక బూట్లు, ఖరీదైన గడియారాలు మొదటి ఏడాది మీకు అక్కరలేదు. మొదటి వారాల్లో నడక, పరుగు కలిపి చేయండి. నొప్పి తగ్గకుండా ఉంటే ఆపి, వైద్యుణ్ణి సంప్రదించండి.

7. సారాంశం

పరుగు బూటు మొదట పోటీదారుని కోసం, తరవాత సామాన్యుని కోసం మారింది. స్త్రీల అవసరాన్ని మార్కెట్టు ఆలస్యంగా గుర్తించింది, అదీ స్త్రీలే చొరవ తీసుకొన్న తరవాత. కొన్ని మార్పులు నిజమైన ఇబ్బందిని తీర్చాయి; కొన్ని వాగ్దానాలు పరీక్షకు నిలవలేదు. కాబట్టి ధరను బట్టి కాక, మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1960లలో పరుగు బూట్ల కొనుగోలుదారులు ఎలా మారారు? దాని ఫలితాలేవి?
2. స్పోర్ట్స్ బ్రా రూపొందిన తీరు నుంచి మీరు గ్రహించిన చారిత్రక విషయం ఏమిటి?
3. మీ ఊరి దుకాణంలో ఒక జత బూట్లను పరిశీలించి, పరిచయంలోని మూడు ప్రశ్నలకు పది వాక్యాల్లో జవాబు రాయండి.