తెర మీద అడవి, మా ఊరి కొండ

రాజ్‌కుమార్ కన్నడ సినిమా ‘గంధద గుడి’ 1973లో వచ్చింది. ఎన్టీఆర్ ‘అడవి రాముడు’ 1977 ఏప్రిల్ 28న విడుదలైంది. రెంటిలోనూ కథానాయకుడు అటవీ అధికారి, దొంగరవాణా ముఠాలే అతనికి శత్రువులు. పుంగనూరు, కుప్పం కర్ణాటక పొలిమేరలో ఉన్నందువల్ల మా చిత్తూరు పక్క జనం రెండు భాషల సినిమాలూ చూసేవాళ్ళు. అడవిని దోచుకోవడం నేరమని మా తరానికి గట్టిగా చెప్పింది ఆ సినిమాలే.

2021 డిసెంబర్ 17న ‘పుష్ప’ వచ్చేసరికి పాత్ర తిరగబడింది. చెట్లు నరికే కూలీ ఎర్రచందనం దుంగలు దాటించే సిండికేటుకే నాయకుడయ్యాడు. మా చిత్తూరు యాస దేశమంతా మోగింది. 2024 ఆగస్టులో శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల కోసం బెంగళూరు వెళ్ళిన ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఈ మార్పునే ఎత్తిచూపారు. ఒకప్పుడు అడవిని కాపాడిన కథానాయకుడు ఇప్పుడు అదే అడవిని నరుకుతున్నాడన్నారు.

ఆ మాట నిజమే. నన్ను అంతకన్నా బాధపెట్టేది ఇంకొకటుంది. తెర మీది అడవి మా అడవి కాదు. ‘అడవి రాముడు’ను ముదుమలైలో తీశారు. ‘పుష్ప’లో చాలా భాగం మారేడుమిల్లి పచ్చటి అడవుల్లో తీశారు. ఎర్రచందనం పెరిగేది మాత్రం శేషాచలం లాంటి ఎండిన రాతి కొండల్లో. దాని బెరడు మొసలి తోలులా నల్లగా పగిలి ఉంటుంది, పూలు పసుపు. ఎరుపంతా లోపలి చేవలోనే. నేను బడిలో ఎర్రచందనం చెట్టు గీయమంటే పిల్లలు మానుకంతా ఎర్రరంగు పూశారు. పాపం, వాళ్ళు చూసింది దుంగనే. బతికున్న చెట్టును వాళ్ళకెవరు చూపించారు? చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. 1995 నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ ఒప్పందం నియంత్రణ ఉంది. ఒక్కో చెట్టు వెనక అన్నేళ్ళ ఎదుగుదల ఉందని చూసేవాడికి తెలిస్తే, గొడ్డలి వేటు అతనికీ తగులుతుంది.

కుప్పం సంగతి వేరు. 1980లలో తమిళనాడు అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి నిలిచిపోయాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2021 మార్చిలో వచ్చిన ‘అరణ్య’ ఏనుగుల దారికి అడ్డంగా కట్టిన గోడను చూపించింది. ఏనుగు పక్షాన నిలబడ్డ ఆ సినిమా అంటే నాకు గౌరవం. అయితే మా పక్క ఇంకో మనిషి కూడా ఉన్నాడు. డప్పులు, టపాకాయలు పెట్టుకుని రాత్రంతా పంట కాసే రైతు అతను. ఏనుగులు తొక్కి రైతులు చనిపోయారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి. రెండు చావులనూ ఒకే కథలో చెప్పగల సినిమా మాకు కావాలి.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో బోడి కొండల మీద ఏళ్ళ తరబడి మొక్కలు నాటారు. చెట్లు పెరిగాయి, పిట్టలు చేరాయి. అందులో ఫైట్లు లేకపోయినా కథ ఉంది. చెట్టు పోతే ఏం పోతుందో తెలిసిన మనం, చెట్టు తిరిగొస్తే ఏమేం తిరిగొస్తాయో కూడా చూడాలి. మన దర్శకులు కెమెరా పట్టుకుని మా రాతి కొండలకే రావాలని నా కోరిక. తన కొండను తెర మీద గుర్తుపట్టిన పిల్లవాడు దాన్ని ఎవరికీ వదిలిపెట్టడని నా నమ్మకం.