ఐదేళ్ళు వల వెయ్యని చేప

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తెలియని గోదావరి జిల్లాల వారు ఉండరు. సముద్రంలో బతికే ఆ చేప వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది, గుడ్లు పెట్టడానికి గోదారిలోకి వస్తుంది. నేను మేరీలాండ్ వచ్చిన కొత్తలో మా పక్కింటి పెద్దాయన స్ట్రైప్డ్ బాస్ గురించి చెబుతుంటే నాకు పులసే గుర్తొచ్చింది. ఇక్కడి వాళ్ళు రాక్‌ఫిష్ అని పిలుచుకునే ఈ చేప కూడా ఏప్రిల్, మే నెలల్లో చెసపీక్ బే లో కలిసే నదుల్లోకి ఎగబాకి మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. మేరీలాండ్ రాష్ట్ర చేప ఇదే.

1973లో అట్లాంటిక్ తీరమంతా కలిపి దాదాపు కోటిన్నర పౌండ్ల రాక్‌ఫిష్ పట్టారు. పదేళ్ళు తిరిగేసరికి అది నాలుగో వంతుకన్నా తగ్గిపోయింది. కారణాలలో మొదటిది మితిమీరిన వేట. నీటి కాలుష్యం దానికి తోడయింది. చిక్కేమిటంటే, చెసపీక్ లో పుట్టిన చేప పెద్దదై న్యూ ఇంగ్లాండ్ దాకా వెళుతుంది. ఒక రాష్ట్రం కాపాడిన చేపని ఇంకో రాష్ట్రం పట్టుకుంటే లాభమేముంది? అందుకే 1984లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఉమ్మడి ప్రణాళికని పాటించని రాష్ట్రంలో ఈ చేప వేటని కేంద్ర ప్రభుత్వమే ఆపెయ్యవచ్చు.

1985 జనవరి 1న మేరీలాండ్ రాక్‌ఫిష్ వేటని పూర్తిగా నిషేధించింది. వర్జీనియా 1989లో అదే పని చేసింది. తరతరాలుగా బే మీద బతికిన జాలరి కుటుంబాలకి అది మామూలు దెబ్బ కాదు. చట్టం గెలిచిందని చెప్పుకునేటప్పుడు ఆ ఖరీదు ఎవరు కట్టారో కూడా చెప్పుకోవాలి గదా!

ఇంజనీరుగా నాకు నచ్చినది ఇంకొకటుంది. నిషేధం ఎప్పుడు ఎత్తెయ్యాలో ముందుగానే ఒక అంకె రాసి పెట్టుకున్నారు. మేరీలాండ్ వాళ్ళు 1954 నుంచి ప్రతి వేసవిలో ఒడ్డున వలలు లాగి, ఆ ఏడు పుట్టిన పిల్లచేపలని లెక్కపెడతారు. వలకి వచ్చే పిల్లల మూడేళ్ళ సగటు 8 దాటాలన్నది షరతు. 1989లో ఆ ఒక్క ఏడాది లెక్కే 25 దాటింది. 1990లో పరిమితంగా వేట మొదలైంది. 1995లో రాక్‌ఫిష్ కోలుకున్నదని ప్రకటించారు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కాని 2019లో వచ్చిన శాస్త్రీయ నివేదిక ఈ చేప మళ్ళీ తరిగిపోయిందని తేల్చింది. 2019 నుంచి 2025 వరకు ఏడేళ్ళూ పిల్లచేపల లెక్క సగటుకన్నా తక్కువే. 2023లో అయితే వలకి ఒక్కటి. వెచ్చబడుతున్న చలికాలాలు ఒక కారణమని శాస్త్రజ్ఞుల అనుమానం. వేటని ఆపడం ప్రభుత్వం చేతిలో ఉంది, చలిని తెప్పించడం లేదు.

మన వైపు కూడా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట ఆపుతారు. ఆ 61 రోజులు జాలరి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

రెండేళ్ళ కిందట జూన్ లో మా అబ్బాయి గాలానికి ఒక రాక్‌ఫిష్ పడింది. కొలిస్తే పద్దెనిమిది అంగుళాలు. కనీసం పందొమ్మిది ఉండాలి. వాడు మొహం చిన్నబుచ్చుకుని నీళ్ళలో వదిలేసి, "అందరూ ఇలాగే వదిలేస్తారా, నాన్నా?" అన్నాడు.

"ఒకప్పుడు ఐదేళ్ళు వదిలేశార్రా," అన్నాను.